గాలికి ఎదురు నడిచిన మంద

వంకలో కొట్టుకుపోయిందని ఊళ్ళో చాలామంది నమ్మిన మంద అసలు వంక వైపు పోనేలేదు. పోయిన వారం మనం కుళ్ళాయప్పను వదిలిపెట్టింది సరిగ్గా ఆ సంగతి అతనికి తెలిసిన చోట: యాడికి ఊరు దాటాక వచ్చే బీడులో, తూర్పు దిక్కున, ఒక రేగుకంప ముందు. ఆ కంప కింద ఒక గొర్రెపిల్ల చచ్చి పడి ఉంది. దాని చెవికి తన ఇంటి గుర్తుగా కోసే గంటు ఉంది.

తుఫాను గాలి నిన్నటి నుంచి తూర్పు నుంచే కొడుతోంది. వానలో గొర్రె గాలికి వెన్ను చూపించి, గాలి తోసిన వైపే నడుస్తుంది. అంటే పడమరకు, వంకలోకి. మరి ఈ పిల్ల తూర్పున ఎందుకుంది? నాలుగిళ్ళవి కలిపి మేపే గొర్రెలు, ముఖం మీద గులకరాళ్ళలా కొట్టే వానలోకి, తమంతట తాము నడిచి రావు. ఎవరో పిలవాలి. ఆ గొంతు వాటికి తెలిసిందై ఉండాలి.

ఆ మందకు తెలిసిన కూత ఒక్కటే. కుళ్ళాయప్ప నాయన నాగప్ప కూత. కాపరి ఇళ్ళలో కూత ఊరికే రాదు. మంద కర్ర చేతికిచ్చిన రోజున తండ్రి కొడుకును బీరప్ప గుడి వెనక్కి తీసుకుపోయి నేర్పిస్తాడు. కర్ర ఒక్కరికే, కూత ఒక్కరికే. ఆడవాళ్ళు మందకు కూత వేయరు. నాగప్ప కరువు మొదలైన ఏడే పోయాడు. కాబట్టి ఇప్పుడు భూమ్మీద ఆ కూత తెలిసినవాడు కుళ్ళాయప్ప ఒక్కడే అయి ఉండాలి.

కానీ నిన్న సాయంత్రం, దొడ్డి పక్కన కాపలా గుడిసె నడిమి గుంజ, నిట్రాడ, విరిగి తలమీద పడి, స్పృహ తప్పిపోతున్న క్షణంలో అతను ఆ కూత విన్నాడు. గాలిలోంచి, చచ్చిపోయిన నాయన పద్ధతిలో.

"దయ్యమైనా సరే, దొంగైనా సరే, పొద్దు గుంకేలోగా మొగం చూడల్ల," అనుకున్నాడు కుళ్ళాయప్ప.

పొద్దు గుంకడం అన్నది కులపెద్ద తిప్పయ్య పెట్టిన గడువు. వంక మింగిందన్నా కొందరు నమ్మలేదు, కాపరే దాచాడని వాళ్ళ అనుమానం. అప్పటికి మంద జాడ తెలియకపోతే కుళ్ళాయప్ప బీరప్ప ముందు తడి కంబళి మీద నిలబడి, మందను నేను దాచలేదు, అమ్ముకోలేదు అని ప్రమాణం చేయాలి. చేసినా నమ్మేవాళ్ళెంతమంది? నమ్మకపోతే ఊళ్ళో అతనికి నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. ఇంకెవరూ అతని చేతికి ఒక్క గొర్రెను కూడా అప్పగించరు.

అతను తలకు కట్టిన గుడ్డ బిగించుకుని, కంబళిని నెత్తి మీదుగా కొప్పెరగా వేసుకుని గాలిలోకి నడిచాడు.

మూడేళ్ళు ఆకాశాన్ని తిట్టిన సీమ అది. మార్గశిరంలో మబ్బు పట్టినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి మొహాలు పైకెత్తి నిలబడ్డారు. ఏళ్ళుగా నీటిచుక్క చూడని వంక కదా అని కుళ్ళాయప్ప కూడా దాని ఒడ్డునే దొడ్డి కట్టాడు. రెండో పూటకే నవ్వులు ఆగిపోయాయి. మిద్దెల మీది చౌడు కరిగి గోడల వెంట తెల్లగా కారింది. చేలల్లో ఆరబెట్టిన అరకొర వేరుశనగ వాములు లేచిపోయాయి. రైలుకట్ట పక్క తంతి స్తంభాలు ఒరిగిపోయాయి. గుంతకల్లు పోయే బండి కూత ఈ రోజు ఎవరూ వినలేదు.

గాలి అతన్ని రెండుసార్లు కింద పడేసింది. రెండోసారి లేవకుండా నాలుగు కాళ్ళ మీద పాకాడు. ఎదురుగా గుట్ట. గుట్టకు ఈవలి వైపు, పాత బండల గని. ఎప్పుడో బండలు తీసి వదిలేసిన చోటు, కొండను తొలిచిన వసారాలా ఉంటుంది. తూర్పుగాలి గుట్ట మీదుగా పోతుంది కానీ లోపలికి రాదు. గాలికి ఎదురు నడిచిన మందకు ఈ చుట్టుపక్కల దొరికే చాటు అదొక్కటే.

ముందు వాసన తెలిసింది. తడిసిన ఉన్ని వాసన.

తర్వాత మంద కనపడింది. గని నిండా, ఒకదానికొకటి ఒరుసుకుని, ఆవిర్లు కక్కుతూ నిలబడి ఉంది. ముందర కొమ్ముల పొట్టేలు నెమరు వేస్తోంది. దాని పక్కన బండ మీద ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు.

కుళ్ళాయప్ప కర్ర ఎత్తాడు. ఆ మనిషి తల తిప్పింది. కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా?"

"వచ్చినావా," అంది అతని తల్లి పెద్దక్క. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. "తల యెట్లుండాది?"

అతని గుండె ఒక్కసారి తేలికైపోయింది. అమ్మ మందను వెతికి పట్టుకుంది! ఇంక ప్రమాణం లేదు, తడి కంబళి లేదు. నవ్వబోయాడు. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది.

"నా తలకు దెబ్బ తగిలిందని నీకెవరు చెప్పినారు?"

పెద్దక్క పొట్టేలు మెడ మీద చెయ్యి వేసింది.

"నిన్న మాపటి నుంచి నువ్వు ఇంట్లో లేవు. తప్పిపోయిన ఎనుము గొడ్డును యెతకను పోయినావని నీ కోడలు రామాంజినమ్మ చెప్పింది. నేను ఊళ్ళోకి పొద్దున పోయినా. నా తల సంగతి నీకెట్ల తెలుసు మ్మా?"

"చూసినా కాబట్టి తెలుసు."

"చూసి?"

"ఊపిరి ఉండాదా లేదా అని చూసుకున్నా. నిట్రాడ పక్కకు లాగినా. కంబళి కప్పినా. గాలి తగలకుండా తడికె ఆనించినా. ఇంకేం చెయ్యమంటావు?"

"నన్ను లేపల్ల గదమ్మా."

"నిన్ను లేపింటే మందను యెట్ల తోలుకొస్తా?"

బయట గాలి ఊళ పెడుతోంది. ఆ మాట మాత్రం చాలా స్పష్టంగా వినపడింది. కుళ్ళాయప్ప కర్ర ఆనించి నిలబడ్డాడు.

"కూత వేసింది నువ్వా?"

"మీ నాయన పక్కన మందలో నా వయసంతా పండుకున్నా. నాకు రాదనుకుంటివా? మీ నాయనకు జొరమొచ్చి గొంతు పడిపోయిన ఏడు, చీకట్లో ఆయప్ప పెదాలు కదిపితే కూత వేసింది నేనే. అప్పుడు నువ్వు నా కడుపులో ఉంటివి. నీకంటే ముందర నేర్చుకుంది నేను."

"అయితే సరే," అన్నాడు కుళ్ళాయప్ప. తనకు తాను సర్ది చెప్పుకుంటున్నాడు. "మంచి పనే చేసినావు. నువ్వు పిలవకపోయింటే మంద వంకలో పోయుండు. మరి తెల్లారినాక ఊళ్ళోకి కబురెందుకు చేయలేదు? ఆడ నన్ను దొంగను చేసి కూర్చోబెట్టినారు. నీకు తెలుసునా?"

"తెలీకుండా యెట్లుంటుంది? మంద పోతే కాపరిని అడక్క యెవరిని అడుగుతారు?"

అలా అంటూ ఆమె గని లోపలికి ఒక చూపు చూసింది. ఒక్క క్షణమే. కానీ చిన్నప్పటి నుంచి ఆ చూపు కుళ్ళాయప్పకు తెలుసు. గిన్నెలో చివరి ముద్ద మిగిలినప్పుడు అమ్మ చూసే చూపు. ఆ చూపు ఎప్పుడూ తన వైపు వచ్చేది కాదు.

అతను గొర్రెలను మోకాళ్ళతో తోసుకుంటూ లోపలికి పోయాడు. వెనక గోడవారగా, గొర్రెల పొట్టల మధ్య, ఒక కంబళి కుప్ప కనిపించింది. కుప్పకు కాళ్ళున్నాయి.

"మీ యన్న," అంది పెద్దక్క వెనక నుంచి.

అన్న అంజినప్ప. కర్ర తమ్ముడి చేతికి పోయిందన్న కోపంతో తన వాటా గొర్రెలు అమ్ముకుని, కన్నడ దేశంలో కాఫీ తోటలకు వెళ్ళిపోయినవాడు. నాయన చచ్చిపోయినప్పుడు కూడా రానివాడు.

"యెప్పుడొచ్చినాడు?"

"కార్తీకంలో. ఊళ్ళోకి రావల్లంటే సిగ్గు. ఈడనే ఉండాడు."

కార్తీకం నుంచి! కుళ్ళాయప్పకు ఇంటి సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మ రోజూ కట్టెల కోసమని ఇటు పోవడం. వెంట సంగటి మూట కట్టుకోవడం. "అత్తకు ఈ నడుమ ఆకలి బాగా పెరిగింది, కరువులో గూడ ఒళ్ళు చేస్తాందేమో," అని రామాంజినమ్మ ఎగతాళి చేస్తే తను పగలబడి నవ్వడం.

"గాలి తగ్గంగానే బళ్ళారి పక్కకు దాటుకుంటాం," అంది పెద్దక్క. గొంతులో దాపరికం లేదు. సంతకు పోతున్నట్టే చెబుతోంది. "ఆడ మేత ఉండాదంట. వాడు మళ్ళీ మనిషైతాడు."

"దాటుకుంటాం అంటాండావు. నువ్వు గూడానా?"

"వానికి కూత రాదు గదప్పా."

కుళ్ళాయప్ప గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గరున్న గొర్రెలు బెదిరాయి.

"నా మందను, నా తల మీదుగా దాటించి, వానికిచ్చి, వాని వెంబడి పోతావు. మరి నేను?"

"నీకు పెండ్లాం ఉండాది. రెక్కలుండాయి. ఊళ్ళో పేరుండాది. వానికేముండాది?"

"పేరా! పొద్దు గుంకితే బీరప్ప ముందర నిలబెడతారు మ్మా నన్ను!"

"నిలబడు. నువ్వు దొంగతనం చేయలేదు గదా. ఉండేమాట చెప్పు. దేవునికి తెలుసు."

"దేవునికి తెలిస్తే సరిపోతుందా? తిప్పయ్యకు తెలియద్దా?"

అతను తడిసిన కంబళిని విదిలించి భుజాన వేసుకున్నాడు.

"లే. మందను తోలుకపోదాం. నీ పేరు చెప్పను. గుట్ట చాటున దొరికిందంటా. వాడు యాడికన్నా పోనీ."

"ఇప్పుడు కదిలించద్దు." మొదటిసారి పెద్దక్క గొంతు తడబడింది. "వానికి జొరంరా. తోటల్లో పట్టుకున్న చలిజొరం. రాత్రి ఆ వానలో తడిసినాడు. జీవాల మధ్యన పండబెట్టినా. వాటి కాకకే బతికుండాడు. మందను తీసినావంటే చచ్చిపోతాడు."

"జొరం!" అన్నాడు కుళ్ళాయప్ప. "మందకు పొమ్మన్నప్పుడంతా వానికి జొరమే గదమ్మా. చిన్నప్పటి నుంచి చూస్తాండా. సంగటి తట్ట కనపడితే దిగిపోయే జొరం. రేయ్ అంజినప్పా! లెయ్ రా!"

కంబళి కుప్ప కదల్లేదు. కుళ్ళాయప్ప వంగి దాన్ని లాగబోయాడు.

"ఏమప్పా కుళ్ళాయప్పా!" గని వాకిట్లోంచి ఒక గొంతు వినపడింది. "వంక మింగేసిందని మేమంతా ఏడుస్తాంటే, నీ మంద ఈడ కూర్చోని నెమరేస్తాండాదే! ఈత కొట్టుకుంటా వచ్చినాయా యేంది?"

హనుమంతరాయుడు. మందలో అతని గొర్రెలు కూడా ఉన్నాయి. వెనక తిప్పయ్య, ఇంకొందరు, మెడల దాకా బురదతో. కుళ్ళాయప్ప ఊళ్ళోంచి బయలుదేరిన దగ్గర నుంచి వాళ్ళు అతని వెంటే వస్తున్నారు. దొంగ చివరికి దాచిన చోటికే పోతాడని హనుమంతరాయుడి లెక్క.

పెద్దక్క చటుక్కున లేచి వాకిట్లోకి వచ్చింది. లోపలి చీకటికీ, వచ్చినవాళ్ళకూ మధ్య నిలబడింది. ఆ పక్కకు గొర్రెలు మళ్ళీ కమ్ముకున్నాయి. కంబళి కుప్ప కనపడకుండా పోయింది.

తిప్పయ్య పెద్దవాడు, మాట తూచి మాట్లాడే మనిషి. గని అంతా ఒకసారి చూసి, పెద్దక్క దగ్గర ఆగాడు.

"నువ్వెప్పుడొచ్చినావు పెద్దక్కా ఈడికి?"

కుళ్ళాయప్ప అమ్మ వైపు చూశాడు. ఒక్క మాట చాలు. నేనే తోలుకొచ్చినా, వానకు చచ్చిపోతాయని చాటుకు చేర్చినా. అంత మాత్రం అన్నా చాలు. అబద్ధం కూడా కాదు.

"ఎనుమును యెతుక్కుంటా వచ్చినా," అంది పెద్దక్క. "నేను వచ్చేటప్పటికి మంద ఈడుండాది. వీడుండాడు."

గాలి ఒక్క క్షణం ఆగినట్టయింది. నిజానికి ఆగలేదు. కుళ్ళాయప్ప చెవులు పనిచేయడం మానేశాయి. అతను అమ్మ మొహంలోకే చూస్తున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. ఇంతసేపటిలో ఆమె చేసిన పనులన్నిటికంటే అదే అతనికి ఎక్కువ తగిలింది.

"ఇంకేం కావల్లప్పా? కన్నతల్లే చెప్పినాక!" అన్నాడు హనుమంతరాయుడు.

"ఉండు," అన్నాడు తిప్పయ్య. "పొద్దున మనమంతా ఏమనుకున్యాం? ఈ గాలిలో యే మొగోడు పిలిచినా గొర్రె యెదురు నడవదని గదా. కుళ్ళాయప్పా, బయటికి పోయి, గాలిలో నిలబడి కూత వెయ్యి. మంద వచ్చిందా, పిలిచింది నువ్వే. రాలేదా, పిలిచింది ఇంకెవరో. వాళ్ళను యెతుకుదాం."

కుళ్ళాయప్పకు ఉచ్చు కనపడింది. సరిగ్గా కూత వేస్తే మంద తప్పకుండా వస్తుంది. తను దొంగ అవుతాడు. గొంతు మార్చి తప్పుగా వేస్తే మంద రాదు. వీళ్ళు ఇంకొకరిని వెతుకుతారు. ఈ గుట్ట మీద ఆ ఇంకొకరు పెద్దక్క తప్ప ఎవరూ లేరు.

"వద్దు తిప్పయ్యా," అంది పెద్దక్క తొందరగా. "జీవాలు తడిసి చస్తాయి."

"నిన్నటి నుంచి తడవని జీవం యాడుండాదిలే పెద్దక్కా?"

కుళ్ళాయప్ప వానలోకి నడిచాడు. గుట్ట చాటు దాటగానే గాలి అతన్ని పక్కకు తోసింది. కాళ్ళు ఎడంగా పెట్టి, కర్ర బురదలో గుచ్చి నిలబడ్డాడు. తప్పుగా కూయడం ఎంత సులువు! చివర సాగదీయకుండా తుంచేస్తే చాలు. పొట్టేలు తల కూడా ఎత్తదు.

ఆమెను పట్టించే ఆ పని అతను చేసేవాడు కాదు. ఆమె కోసం కూత వేయకుండానే నేరం తన మీద వేసుకుని ఉండేవాడు, ఒక్కసారి తన వైపు చూసి ఉంటే. వెనక్కి తిరిగి చూశాడు. పెద్దక్క మొహం గని లోపలికి తిరిగి ఉంది. మంద లేస్తే ఆమె దాచింది అందరికీ కనపడుతుంది, కనపడనీ, అనుకున్నాడు.

అతను నాలుకను అంగిలికి కొట్టి, కడుపులోంచి కూత తీశాడు. నాయన నేర్పినట్టే. ముందర పొట్టి పొట్టిగా, చివర వాన తెరను చీల్చుకుంటూ పొడుగ్గా.

పొట్టేలు నెమరు ఆపింది. తల ఎత్తింది. గాలిలోకి, వానలోకి, ముఖం వంచి నడిచింది. దాని వెనక మరొకటి. ఆపైన మందంతా తాడు లాగినట్టు కదిలింది. మనుషుల కాళ్ళను ఒరుసుకుంటూ బయటికి వచ్చింది.

"చూసినారా! చూసినారా!" హనుమంతరాయుడు చేతులు చరిచాడు. "దొంగ దొరి..."

మాట మధ్యలో ఆగిపోయింది. గొర్రెలు ఖాళీ చేసిన చోట, గోడవారగా, కంబళి కుప్ప ఒక్కటే మిగిలింది. హనుమంతరాయుడు దగ్గరికి పోయి కర్ర కొసతో కంబళి ఎత్తాడు.

"ఇదేందప్పా... ఇతను అంజినప్ప గదా!"

అంజినప్ప లేవలేదు. కళ్ళు తెరవలేదు. మొహం బండల రంగులో ఉంది. నాటకం ఆడేవాడి మొహం అలా ఉండదు. అంత దూరం నుంచి కూడా కుళ్ళాయప్పకు అది తెలిసింది.

పెద్దక్క కొడుకు మీద పడింది. చేతులు రుద్దింది, అరికాళ్ళు రుద్దింది, తన ఒంటిమీది కంబళి తీసి కప్పింది. అది నీళ్ళు కారుతోంది. గని అప్పుడే చల్లబడిపోయింది.

"పిలువురా!" అని అరిచింది. "కుళ్ళాయప్పా, మందను లోపలికి పిలువు! చల్లబడిపోతాండాడు! పిలువు నాయనా!"

ఇప్పుడు ఆమె అతని వైపు చూస్తోంది. కళ్ళ నిండా చూస్తోంది.

కుళ్ళాయప్ప చుట్టూ మంద నిలబడి వణుకుతోంది. వాన అతని నోట్లోకి కారుతోంది.

"నీకొచ్చు గదమ్మా," అన్నాడు. అరవలేదు. అయినా అందరికీ వినపడింది. "నువ్వే పిలువు."

తిప్పయ్య మెల్లగా పెద్దక్క వైపు తిరిగాడు. హనుమంతరాయుడి చేతిలోంచి కంబళి అంచు జారిపోయింది.

పెద్దక్క కులపెద్దను చూసింది. ఒళ్ళో ఉన్న తలను చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.

చచ్చిపోయిన నాగప్ప కూత గనిలోంచి బయటికి వచ్చింది. అదే విరుపు, అదే సాగు. వయసులో నాగప్పతో కలిసి గొర్రెలు మేపిన తిప్పయ్య ఒక అడుగు వెనక్కి వేసి గోడ పట్టుకున్నాడు. ఇంక ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేదు.

మంద తిరిగింది. తిరిగి, ఆగిపోయింది. సగం గని వాకిట్లో, సగం వానలో. పిలిచినవాళ్ళు ఇద్దరు. పొట్టేలు మోర ఎత్తి కుళ్ళాయప్పను చూసింది. కర్ర పట్టినవాడు ఎదుట ఉండగా, అతను ఊ అనకుండా అది అడుగు వేయదు.

లోపల పెద్దక్క రెండోసారి కూత వేసింది. ఈసారి గొంతు పగిలింది.

పొట్టేలు ఇంకా అతన్నే చూస్తోంది. కుళ్ళాయప్ప గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.